గోల్డ్‌ఫిష్ మొప్పల మీద తెల్లచుక్కలు.. ఏ మందు వేయాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. నాలుగెకరాల చెరువులో వనామి రొయ్యలు వేశాం. మూడు వారాల కిందట పిల్లల కోసం రెండడుగుల అక్వేరియం కొని 8 గోల్డ్‌ఫిష్ వేశాం. రెండింటికి మొప్పల మీద తెల్లచుక్కలు వచ్చాయి. అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నిన్న రెండు చచ్చిపోయాయి. షాపతను వైట్‌స్పాట్ అని చెప్పి నీలిమందు, ఏదో పసుపు పొడి ఇచ్చాడు. కుళాయి నీళ్లతో మొత్తం నీళ్లు మార్చి, ఫిల్టర్ స్పాంజి కూడా కడిగాం. చప్పుడు వస్తోందని రాత్రిళ్లు ఫిల్టర్ ఆపుతున్నాం. ఈ జబ్బు మా చెరువుకు అంటుకుంటుందా? చెరువుకు తెచ్చిన ఫార్మలిన్ వేయొచ్చా? – ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు ఆ ఫార్మలిన్ డబ్బాను ఇంట్లోంచి బయట పెట్టండి. వెయ్యి లీటర్లకు 25 మిల్లీలీటర్ల లెక్కన చూసినా మీ తొట్టెలోని 45 లీటర్లకు ఒక మిల్లీలీటరు చాలు. చెరువు అలవాటులో మూత నిండా పోశారంటే మిగిలిన ఆరూ పోతాయి.

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. చుక్కలు మొప్ప మూత మీద, రొమ్ము రెక్క ముందంచున వరసగా ఉన్నాయి. ఒంటి మీద గానీ, తోక మీద గానీ ఒక్కటీ లేదు. అవి జతకట్టే ఈడులో మగ గోల్డ్‌ఫిష్‌కు లేచే పొక్కులు. వాటికి మందెందుకు? అసలు వైట్‌స్పాట్ అయితే తోక దాకా పంచదార చల్లినట్టు కనిపిస్తుంది, చేప గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది. అది పరాన్నజీవి వల్ల వస్తుంది. రొయ్యల వైట్‌స్పాట్ వైరస్ జబ్బు. రెండింటికీ పేరొక్కటే కలిసింది. చెరువు గురించి టెన్షన్ వద్దు.

చేపల్ని చంపుతున్నది వాటి వ్యర్థాల నుంచే నీళ్లలో పుట్టే అమ్మోనియా అని నా అనుమానం. కొత్త తొట్టెలో దాన్ని తినే బాక్టీరియా స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అవి ఉండేది ఎక్కువగా ఆ స్పాంజిలోనే. దాన్ని బ్లీచింగ్ కలిసిన కుళాయి నీళ్లతో కడిగారు, రాత్రిళ్లు గాలి ఆపారు, పైన నీలిమందు పోశారు. ఇక ఆ బాక్టీరియా బతికేదెలా? చెరువులో ఏరేటర్ ఆగితే అర్ధరాత్రి లేచి జనరేటర్ వేసే మనిషి ఇంట్లో ఫిల్టర్ ఆపి పడుకోవడం ఏమిటండీ?

చెరువుకు వాడే కిట్‌తోనే తొట్టె నీళ్లలో అమ్మోనియా, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) ఈరోజే చూడండి. ఉప్పునీటికీ మంచినీటికీ రంగుల చార్టు వేరుగా ఉంటే మంచినీటిది తీసుకోండి. అమ్మోనియా సున్నా ఉండాలి. నీళ్లు 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. అదే 8.5 అయితే ఐదో వంతు విషమే.

రెండు రోజులు మేత ఆపండి. వారం పాటు రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి. ఆ నీళ్లు ముందురోజే బకెట్లో పట్టి, గాలిరాయి వేసి 24 గంటలు ఉంచినవై ఉండాలి. ఉప్పు లీటరుకు ఒక గ్రాము చొప్పున 45 గ్రాములు కరిగించి, మూడు విడతలుగా ఒక పూటలో పోయండి. తర్వాత మార్చిన నీటికి సరిపడా మాత్రమే కలపండి. చెరువు జియోలైట్ తొట్టెలో వేసి ఉంటే ముందు తీసేయండి, ఉప్పు తగిలితే అది పట్టుకున్న అమ్మోనియాను తిరిగి వదిలేస్తుంది. స్పాంజిని ఇకపై తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. ఫిల్టర్ ఆపకండి.

ఆ పసుపు పొడి మాత్రం పారేయండి. పొట్లం మీద పేరుందా? డోసుందా? పేరు లేని యాంటీబయోటిక్ చెరువులో పడితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుందని మీకు నేను చెప్పాలా? ఇంట్లో చేప కదా అని అదే పని చేస్తే ఎలా? షాపతను ఒక్కసారైనా నీళ్లు పరీక్షించాడా? అసలు ఆ సైజు తొట్టెకు ఎనిమిది గోల్డ్‌ఫిష్ అమ్మడమే తప్పు. రెండు చాలు, అవి కూడా పెరిగాక పెద్ద తొట్టె కావాలి. మిగిలినవి పెద్ద తొట్టె ఉన్నవాళ్లకు ఇవ్వండి గానీ కాలువలో వదలకండి.

నాలుగు రోజుల తర్వాత కూడా చేపలు పైకి తేలుతుంటే అమ్మోనియా, పీహెచ్ రీడింగులతో మళ్లీ రాయండి. ఉట్టి ఫొటో పంపితే సరిపోదు.