రాని చెక్కును నమ్ముకుని ఇంటి మీద అప్పు చేశారు

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. 2021లో మా పాత ఇల్లు 5,20,000 డాలర్లకు అమ్మి పెద్దది కొనుక్కున్నాం. అప్పుడు ఇద్దరు ఏజెంట్లకూ కలిపి 6 శాతం, అంటే 31,200 డాలర్ల కమీషన్ మేమే కట్టాం. కొన్నవాళ్ల ఏజెంటు కమీషన్ కూడా అమ్మినవాళ్లే కట్టేలా చేశారని వేసిన రియల్టర్ల కమీషన్ కేసు సెటిల్ అయిందని తెలిసి గడువులోపే క్లెయిమ్ వేశాను. కట్టినదాంట్లో చాలావరకు వెనక్కి వస్తుందని స్నేహితులు చెప్పారు. ఆ ధైర్యంతో ఇంటి మీద 8.5 శాతానికి 30,000 డాలర్ల హెలాక్ (ఇల్లు పూచీగా బ్యాంకు ఇచ్చే క్రెడిట్ లైన్) తీసి షాద్‌నగర్ దగ్గర ప్లాటుకు కట్టాను. ఇంకో 18 లక్షల రూపాయలు కట్టాలి, దానికి 401కె (ఆఫీసు రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్ తీద్దామనుకుంటున్నా. నేను హెచ్‌-1బీ మీద ఉన్నాను, మా ఆవిడకు ఉద్యోగం లేదు, ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు 7,500 డాలర్లు, బ్యాంకులో 6,000 ఉన్నాయి. మొన్న ఎవరో ఫోన్ చేసి 399 డాలర్లు కడితే చెక్కు త్వరగా వచ్చేలా చూస్తామన్నారు. కట్టొచ్చా? డబ్బు ఎప్పుడొస్తుంది?

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి. ఒక్క డాలర్ కూడా కట్టకండి, సోషల్ సెక్యూరిటీ నంబర్ గానీ బ్యాంకు వివరాలు గానీ చెప్పి ఉంటే ఈరోజే బ్యాంకుకు ఫోన్ చేసి, మీ పేరు మీద ఎవరూ అప్పు తీయకుండా మూడు క్రెడిట్ బ్యూరోల దగ్గరా ఫ్రీజ్ పెట్టించండి. సెటిల్‌మెంట్ డబ్బు పంచేది కోర్టు నియమించిన అడ్మినిస్ట్రేటర్, వాళ్లు ఫీజు అడగరు, డబ్బు కడితే మీ చెక్కు వరసలో ముందుకు రాదు. రిఫండ్ ఇప్పిస్తామని ముందుగా డబ్బులడిగేవాళ్లు మోసగాళ్లేనని వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ ఎన్నోసార్లు హెచ్చరించింది.

ఇక మీ 31,200. ఈ లెక్క ఎవరో ఒకరు మీకు ముందే చెప్పి ఉండాల్సింది. 2023 అక్టోబర్ 31న కాన్సస్ సిటీ ఫెడరల్ కోర్టులో జ్యూరీ అమ్మకందారుల పక్షాన దాదాపు 178 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. ఆ అంకె వార్తల్లో మోగిపోయింది, చాలామంది మనసులో అదే ఉండిపోయింది. కానీ పంచేది ఆ డబ్బు కాదు. 2024 మార్చిలో రియల్టర్ల సంఘం 41.8 కోట్లకు రాజీపడింది, అది కూడా సుమారు నాలుగేళ్లలో విడతలుగా కడుతుంది. ఇక రియల్ ఎస్టేట్ కంపెనీలు: హోమ్‌సర్వీసెస్ 25 కోట్లు, ఎనీవేర్ 8.35 కోట్లు, కెల్లర్ విలియమ్స్ 7 కోట్లు, రీమాక్స్ 5.5 కోట్లు, ఇంకా మరికొన్ని కంపెనీలు, మొత్తం కలిపి 100 కోట్ల డాలర్లు దాటింది. అందులో మూడో వంతు లాయర్లకు పోతుంది. మిగిలేది 67 కోట్లు అనుకుందాం.

పంచుకోవాల్సినవాళ్లు ఎంతమంది? అమెరికాలో 2021లో ఒక్క ఏడాదే 60 లక్షలకు పైగా పాత ఇళ్లు అమ్ముడుపోయాయి, 2020 నుంచి 2023 వరకు కలిపితే రెండు కోట్లు దాటుతాయి. పదిమందిలో ఒక్కరే క్లెయిమ్ వేశారనుకున్నా 20 లక్షల మంది. 67 కోట్లను 20 లక్షలతో భాగిస్తే మనిషికి 335 డాలర్లు. ఇది నేను వేసిన ఊహ లెక్క, మీరు కట్టిన కమీషన్ ఎక్కువ కాబట్టి మీకు ఇంకాస్త రావచ్చు, క్లెయిములు తక్కువ పడి ఉంటే ఇంకా పెరగొచ్చు, కానీ ఎటు తిప్పి చూసినా 31,200కు దరిదాపుల్లోకి రాదు. మీ హెలాక్‌కు వడ్డీయే నెలకు 212 డాలర్లు. అంటే మీరు ఎదురుచూస్తున్న చెక్కు నెలన్నర వడ్డీకి సరిపోతుంది.

తేదీ అడిగారు. 2024 నవంబర్‌లో జడ్జి తుది ఆమోదం ఇచ్చాక కూడా కొందరు పై కోర్టుకు వెళ్లారు. అప్పీళ్లు ఉన్న కేసులో ఫలానా నెలలో వస్తుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

మీరొక్కరే ఇలా అనుకోలేదు, అందుకే ఈ ఉత్తరం ఎంచుకున్నాను. క్లాస్ యాక్షన్, అంటే నష్టపోయిన వాళ్లందరి తరఫున వేసే ఉమ్మడి కేసు అనగానే మన నష్టం మనకు తిరిగి వస్తుందనుకుంటారు. ఇళ్ల లోన్ల విషయంలో ఇంతకుముందు ఏం జరిగిందో చూడండి. 2012లో ఐదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రాలతో 2,500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. ఫోర్‌క్లోజర్‌లో అంటే వాయిదాలు కట్టలేక బ్యాంకు జప్తు చేయడంతో ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకు చివరికి చేతికొచ్చింది ఒక్కొక్కరికి సుమారు 1,480 డాలర్లు. ఇల్లే పోయినవాళ్లకు అంతే! 2013లో ఫోర్‌క్లోజర్ రివ్యూ కింద 40 లక్షల మందికి పైగా చెక్కులు పంపినప్పుడు మొదటి విడతలో కొన్ని బౌన్స్ కూడా అయ్యాయి. క్లెయిమ్ వేయడం తప్పు కాదు, తప్పకుండా వేయాలి. వేసి మర్చిపోవాలి. మీరు చేయాల్సిందల్లా కన్ఫర్మేషన్ నంబరూ, 2021 నాటి క్లోజింగ్ స్టేట్‌మెంటూ ఒకచోట పెట్టుకోవడం, ఇల్లు మారితే అడ్మినిస్ట్రేటర్‌కు కొత్త అడ్రస్ తెలపడం, చెక్కు వచ్చాక దాని గడువు దాటకముందే బ్యాంకులో వేయడం. ట్యాక్స్ సంగతి మీ సీపీఏను (ట్యాక్స్ అకౌంటెంట్‌ను) అడగండి.

నన్ను నిజంగా భయపెట్టింది మీ బ్యాంకులో ఉన్న 6,000. నెల ఖర్చు 7,500 అంటున్నారు, అంటే ఒక్క నెల జీతం ఆగినా మీ ఇల్లు గడవదు. పైగా హెచ్‌-1బీ. ఉద్యోగం పోతే 60 రోజుల్లో కొత్త ఉద్యోగమైనా వెతుక్కోవాలి, స్టేటస్ అయినా మార్చుకోవాలి, లేదా పిల్లల్ని స్కూలు మధ్యలో మాన్పించి బయల్దేరాలి. ఆ 60 రోజులూ మోర్ట్‌గేజ్ ఆగదు, టెక్సాస్ ప్రాపర్టీ ట్యాక్స్ ఆగదు, హెల్త్ ఇన్సూరెన్స్‌కు కోబ్రా (ఉద్యోగం పోయాక పాత ఆఫీసు ఇన్సూరెన్స్‌నే కొనసాగించుకునే వీలు) తీసుకుంటే కంపెనీ కట్టే వాటా కూడా మీరే కట్టాలి. లేఆఫ్‌లు మొదలైనప్పటి నుంచి నా దగ్గరికి ఇలాంటి కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. చేతిలో ఆరు నెలల డబ్బు ఉన్నవాళ్లు నచ్చిన ఆఫర్ కోసం ఆగారు, లేనివాళ్లు మొదట వచ్చిన తక్కువ జీతానికి తలూపారు, ఇంకో ఇద్దరు ఇల్లు తొందరపడి నష్టానికి అమ్ముకున్నారు.

అవసరమైతే హెలాక్‌లో ఇంకా లిమిట్ ఉందిగా అని మాత్రం అనకండి. ఇంటి విలువ బాగా పడిపోయినా, మీ ఆదాయం దెబ్బతిన్నా బ్యాంకు ఆ లైన్‌ను ఆపేయొచ్చు, 2008 తర్వాత చాలామందికి అదే జరిగింది. సరిగ్గా కావాల్సిన రోజున అందని డబ్బును ఎమర్జెన్సీ ఫండ్ అనుకోవడమేమిటి?

401కె లోన్ వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. మీరు కూర్చున్న ఇంటిని ఇప్పటికే ఒక ప్లాటు కోసం తాకట్టు పెట్టారు, ఇప్పుడు ముసలితనాన్ని కూడా అదే ప్లాటుకు తాకట్టు పెడతానంటున్నారు. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మరుసటి ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోపు కట్టేయాలి, కట్టలేకపోతే దాన్ని విత్‌డ్రా చేసినట్టే లెక్కేసి ట్యాక్స్, వయసు 59న్నర లోపుంటే సాధారణంగా పైన 10 శాతం పెనాల్టీ వేస్తారు. అంటే జీతం లేని రోజుల్లోనే ఆ బిల్లు వచ్చి మీద పడుతుంది. అప్పు మీద అప్పు చేసి కొన్న భూమి ఎంత పెరిగితే ఈ టెన్షన్‌కు సరిపోతుందో మీరే చెప్పండి.

వెంచర్ వాళ్లతో మాట్లాడి ఆరు నెలలో ఏడాదో గడువు అడగండి. ఒప్పుకోకపోతే అగ్రిమెంట్‌లో క్యాన్సిలేషన్ షరతు ఏముందో చూసి, కొంత పోయినా బయటపడండి, లేదా వేరేవాళ్లకు మార్పించండి. లేఅవుట్ అనుమతి, రెరా నంబరు సరిచూడకుండా ఇంకో రూపాయి కూడా పంపకండి.

ఆ కిస్తీలకు అనుకున్న డబ్బంతా ముందు సేవింగ్స్‌లోకి మళ్లించండి. బోనస్ వస్తే అది కూడా. మూడు నెలల ఖర్చు, అంటే 22,500 డాలర్లు జమయ్యేవరకు హెలాక్‌కు నెలనెలా కట్టాల్సిన కనీసం కడితే చాలు. అది నిండాక మిగిలే ప్రతి డాలరూ హెలాక్‌కే. హెలాక్ తీరాక సేవింగ్స్‌ను 45,000 వరకు పెంచండి, ఎందుకంటే మీ ఇంట్లో ఒకే జీతం, దాని మీదే వీసా. 401కెలో కంపెనీ మ్యాచ్ (మీతోపాటు కంపెనీ వేసే వాటా) వచ్చేంతవరకు వేస్తూ ఉండండి, అంతకుమించి ఇప్పుడు వద్దు. ఆఫీసు ఇచ్చే లైఫ్ కవర్ సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంతంగా ఒక టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి.

ఈ లెక్కలన్నీ ఈ శనివారం మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, హెలాక్ స్టేట్‌మెంట్ కూడా ఆమెకు చూపించండి. 401కె లోన్ అప్లికేషన్ ఇప్పటికే సగం నింపి ఉంటే దాన్ని అంతకు ముందే క్యాన్సిల్ చేయండి.