భరించలేని బాధలో ఉన్న మనిషి "ఇంకెందుకు బతకాలి" అంటే ఏం చెప్పాలి?

మీ అమ్మగారికి క్యాన్సర్ ముదిరిందని, "ఇంకెందుకు బతకాలి" అని రోజూ అడుగుతున్నారని రాశారు. ఇంత బాధలోనూ బతుక్కి అర్థం దొరుకుతుందా అన్నది మీ ప్రశ్న. దొరుకుతుంది. మా నాన్నను దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతం. కిడ్నీ జబ్బు మా దగ్గర ఎందుకింత ఎక్కువో ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా కచ్చితంగా తేలలేదు. నాన్నకూ అదే వచ్చింది. వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ పక్కనే. చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, అందులోకి రెండు లావుపాటి సూదులు. తాగే నీళ్లకు కొలత. పొటాషియం పెరుగుతుందని కొబ్బరి నీళ్లు పూర్తిగా మానేయమన్నారు. కొబ్బరి తోటలోనే పుట్టి పెరిగిన మనిషి ఆ మాటకు బాగా కుంగిపోయారు. గోడవైపు తిరిగి పడుకునేవారు, ఎవరు పలకరించినా పలికేవారు కాదు. చూడ్డానికి వచ్చినవాళ్లు "పూర్వజన్మ కర్మ", "దేవుడి పరీక్ష" అని వెళ్లేవారు. దయచేసి మీ అమ్మగారి దగ్గర అలాంటి మాటలు ఎవర్నీ అననివ్వకండి.

ఒకరోజు డయాలసిస్ సెంటర్‌కి కొత్తగా ఒక కుర్రాడు వచ్చాడు. సూదులు చూసి వణికిపోతున్నాడు. పక్క మంచం మీదున్న నాన్న వాడి వేళ్లు తీసుకుని తన ఫిస్టులా మీద పెట్టించారు. "జుయ్యిమని కొట్టుకుంటోంది చూడు బాబూ, అది అలా ఆడుతున్నంతసేపూ భయం లేదు" అన్నారు. ఆ తర్వాత కొత్తవాళ్లు ఎవరొచ్చినా నర్సులు నాన్న పక్కనే పడుకోబెట్టేవారు. డయాలసిస్ ఉన్న రోజు నేను లేపకముందే లేచి తయారవడం మొదలుపెట్టారు. జబ్బు ఇసుమంతైనా తగ్గలేదు. కానీ ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు అక్కడ ఉన్నారు.

నీళ్ల విషయంలోనూ అంతే. "ఎంత తాగాలో డాక్టరు చెప్పారు, ఎప్పుడు తాగాలో నా ఇష్టం" అనేవారు. మనవడు బడి నుంచి వచ్చే వేళకు చిన్న గ్లాసుడు మిగుల్చుకుని, అరుగు మీద వాడి పక్కన కూర్చుని తాగేవారు. స్వేచ్ఛ అనే పెద్ద మాట నాకు అర్థమైంది అక్కడే.

వియన్నా సైకియాట్రిస్ట్ విక్టర్ ఫ్రాంకల్ గురించి చాలా తర్వాత తెలిసింది. నాజీలు ఆయన్ను 1942లో నిర్బంధ క్యాంపుకు పంపారు. 1944లో ఆష్‌విట్జ్‌కి, అక్కణ్నుంచి మరో క్యాంపుకి తరలించారు. 1945లో విడుదలయ్యారు కానీ తల్లి, తండ్రి, అన్న, భార్య, ఈ నలుగురిలో ఎవరూ మిగల్లేదు. అన్నీ లాగేసుకున్నా, జరిగినదాన్ని ఎలా ఎదుర్కోవాలన్నది మాత్రం మనిషి చేతిలోనే ఉంటుందని ఆయన చెప్పారు. జీవితమే మనల్ని ప్రశ్న అడుగుతుంది, జవాబు మనం బతికి చెప్పాలి అన్నారు. ఆ నరకాన్ని మా ఇంటితో పోల్చడం లేదు. ఆయన మాటలు చదువుతుంటే నాకు నాన్నే కనిపించారు, అంతే.

ఆయన చెప్పిన ఇంకో మాట చాలామంది వదిలేస్తారు: తప్పించుకోగల బాధను తప్పించుకోవాల్సిందే, ఊరికే భరించడం గొప్ప కాదు. అందుకే మీరు ముందు చూడాల్సింది అమ్మగారి నొప్పి సంగతి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ లాంటి మందులున్నాయి, డాక్టర్ని గట్టిగా అడగండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, బాధ తగ్గించి ఉపశమనం ఇచ్చే వైద్య విభాగం ఉంది. చనిపోవాలని పదేపదే అంటుంటే అదీ డాక్టరుకు చెప్పండి, డిప్రెషన్‌కి కూడా చికిత్స ఉంది.

నొప్పి కాస్త తగ్గిన పూట ఓదార్చడం మాని ఆవిణ్నే ఏదైనా అడగండి. ఆవకాయ పాళ్లో, మనవరాలికి పేరో, ఆవిడే తేల్చాల్సిన విషయం ఏదైనా సరే. స్నానం ఎప్పుడు, ఎవరు చూడ్డానికి రావచ్చు, ఎవరు వద్దు అన్నవి కూడా ఆవిడకే వదిలేయండి. ఇవాళ ఎవరితోనూ మాట్లాడనంటే అదీ ఆవిడ ఇష్టమే. వచ్చినవాళ్లకు మీరే గుమ్మం దగ్గర సర్దిచెప్పి పంపించండి.