మీ శ్రుతిలో మీ ట్రాక్

ప్రశ్న: అపార్ట్‌మెంట్ ఫంక్షన్లలో పాత పాటలు పాడుతుంటానండి. నెట్‌లో దొరికే కరోకేలన్నీ మగ గొంతు శ్రుతిలోనే ఉంటున్నాయి, యాప్‌లో పిచ్ మారిస్తే డోలక్ రేకు డబ్బాలా మోగుతోంది. మావాడు కంప్యూటర్‌లో మ్యూజ్‌స్కోర్ అని నొటేషన్ రాసి వినే సాఫ్ట్‌వేర్ వేసిచ్చాడు, స్టాఫ్ నొటేషన్ కొంచెం వచ్చు. దీంతో ట్రాక్ చేసుకోవచ్చా? మిషన్ వాయించినట్టు ఉంటుందంటున్నారు, నిజమేనా?
— ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: బ్రహ్మాండంగా చేసుకోవచ్చు. యాప్ చేసేది రికార్డయిపోయిన శబ్దాన్ని లాగి సాగదీయడం, అందుకే డోలక్ పాడవుతోంది, నొటేషన్‌లో అయితే మారేది స్వరాలే కాబట్టి వాయిద్యం గొంతు అలాగే ఉంటుంది. కంట్రోల్ ఎ కొట్టి టూల్స్‌లో ట్రాన్స్‌పోజ్‌కి వెళ్ళండి. పాట 1 శ్రుతిలో, అంటే సి లో ఉండి మీది 5 అనుకుందాం, అందరూ ఏడు సెమీటోన్లు (అర స్వరాలు) పైకి జరిపేసి ఫ్లూటూ వయొలిన్లూ కీచుమంటున్నాయని బాధపడతారు, ఐదు కిందకి దించినా వచ్చేది అదే జి కదండీ! బేస్ గిటార్ ఒక్కటి చూసుకోండి, నాలుగు తీగలదానికి అడుగున ఇ తర్వాత ఇంకేం లేదు, నోట్స్ ఎర్రగా కనిపిస్తే వాటిని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకి ఎత్తేయండి.

పాట వరసని వేరే స్టాఫ్‌లో రాసి ప్రాక్టీసప్పుడు వినండి, ఫైనల్‌కి మిక్సర్‌లో మ్యూట్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టండి. ఆ వరసలో గమకాలు వినపడవు, అవి మీ గొంతులో ఉండాల్సినవే. ఇంకోటి, మెట్రోనోమ్ టిక్‌టిక్ ఫైల్లోకి రాదు, మొదట్లో ఒక బార్ (ఒక తాళావర్తం) డ్రమ్ స్టిక్ దెబ్బలు మీరే రాసుకోకపోతే స్టేజీ మీద ఎక్కడ ఎత్తుకోవాలో తెలీక దిక్కులు చూడాలి.

మిషన్ మాట నిజమే. ప్రతి స్వరం ఒకే బలంతో, సరిగ్గా బీట్ మీదే పడుతుంటే అలాగే ఉంటుంది మరి. చరణంలో ఎంపీ (కాస్త మెల్లగా), ఇంటర్‌లూడ్‌లో ఎంఎఫ్ (కాస్త గట్టిగా) అనే గుర్తులు పెట్టి చూడండి, సగం పోతుంది. ఉచితంగా దొరికే మ్యూజ్ సౌండ్స్ అనే వాయిద్య శబ్దాలు వేసుకుంటే స్ట్రింగ్స్ బాగుపడతాయి, అలాగని అన్నీ కుమ్మరించకండి, బేసూ కార్డ్సూ ఒక్క ఫ్లూటూ చాలు. తబలా దగ్గర మాత్రం రాజీపడి బాంగో పెట్టకండి, వినలేం. తెలిసిన తబలా ఆయన చేత అదే టెంపోకి, హెడ్‌ఫోన్స్‌లో మెట్రోనోమ్ వింటూ ఎనిమిది బార్లు వాయించి రికార్డు చేయించుకుని, మీరు ఎక్స్‌పోర్ట్ చేసిన వేవ్ ఫైలుతో పాటు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేర్చుకోండి.

ప్రశ్న: మా చర్చి క్వయర్ ట్రాకులన్నీ ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. అది ఆగిపోయిందటగా, ఇప్పుడెలా?
— ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: అవునండీ, 2024 ఆగస్టులో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. మీ సిస్టమ్‌లో ఇంకా తెరుచుకుంటోంది కదా, ఈ వారమే కూర్చుని అన్నిటినీ మ్యూజిక్ఎక్స్ఎంఎల్ అనే, వేరే సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునే ఫైళ్ళలోకి మార్చి పెట్టుకోండి, ఫోల్డర్ మొత్తం ఒకేసారి మార్చే ఆప్షన్ అందులోనే ఉంది. మ్యూజ్‌స్కోర్, డోరికో, సిబేలియస్ మూడూ ఆ ఫైళ్ళు తీసుకుంటాయి. నోట్స్, కార్డ్స్ వచ్చేస్తాయి, మిక్సింగ్ మళ్ళీ చేసుకోవాల్సిందే. సాహిత్యం అను ఫాంట్లలో కొట్టి ఉంటే మాత్రం పిచ్చి అక్షరాలొస్తాయి, యూనికోడ్‌లో మళ్ళీ టైప్ చేసుకోవాలి, క్వయర్ పిల్లలకి తలా నాలుగు పాటలు పంచండి.