ఫిట్స్ అనగానే నులిపురుగుల మాత్ర రాసేయకు

అమ్మాయీ, ఆశీస్సులు.

పదేళ్ల పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయని, సీటీ స్కాన్‌లో చిన్న గుండ్రటి మచ్చ ఉందని, రిపోర్టులో న్యూరోసిస్టిసెర్కోసిస్ (పంది మాంసపు బద్దె పురుగు లార్వా మెదడులో చేరి తిత్తి కట్టడం) అని రాశారని, నులిపురుగుల మందు ఆల్బెండజోల్ వెంటనే మొదలుపెట్టాలా అని అడిగావు. తొందరేమీ లేదు. ముందు ఫిట్స్ ఆగాలి. పురుగు సంగతి తరువాత చూడొచ్చు.

మెదడులో చేరిన లార్వా బతికున్నన్నాళ్లూ చాలామందిలో ఏ గొడవా ఉండదు. అది చచ్చేటప్పుడే చుట్టూ వాపు లేచి ఫిట్స్ వస్తాయి. మందేసి చంపినా అదే వాపు. అందుకే ఆల్బెండజోల్ కంటే ముందే వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. అంతకన్నా ముందు కంటి వెనుక భాగం పరీక్ష చేయించాలి. కంట్లో తిత్తి ఉండగా ఈ మందు వేస్తే చూపు పోవచ్చు. మచ్చలు చాలా ఉండి, తలనొప్పి, వాంతులు కూడా ఉంటే మాత్ర జోలికే పోకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి పంపించు. మచ్చ సున్నంలా గట్టిపడితే పురుగు ఎప్పుడో చచ్చిందన్నమాట, ఇక ఆల్బెండజోల్‌కు అక్కడ పని లేదు. మన పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఒంటరి చిన్న మచ్చ చాలాసార్లు కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోతుంది. మందు ఇవ్వాలో వద్దో న్యూరాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకో. ఇస్తే రోజు మొత్తానికి కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన, రెండు పూటలకు పంచి, అన్నం తిన్నాక, 10 నుంచి 14 రోజులు. బడిలో మింగించే ఒక్క 400 మిల్లీగ్రాముల మాత్ర ఈ వైద్యం కిందికి రాదు.

మన దేశంలో టీబీని మరిచిపోతే కుదరదు. మచ్చ 20 మిల్లీమీటర్లు దాటినా, మెదడు పక్కకు జరిగినా, కాలో చెయ్యో రోజురోజుకూ చచ్చుబడుతున్నా అది టీబీ గడ్డ కావచ్చని వేలూరు సీఎంసీ వైద్యులు ఎప్పుడో చెప్పారు. నేను ఇప్పటికీ ఆ గీటురాయినే నమ్ముతాను.

పురుగు పేరు చెప్పగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "మేం ఉల్లిపాయ కూడా ముట్టమండీ, పంది మాంసం పురుగు మాకెలా వస్తుంది?" అని తల్లులు కోపంగా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది. మెదడుకు వచ్చే తిత్తులు మాత్రం ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు ఇంకొకరి నోట్లోకి పోవడం వల్ల వస్తాయి. కడగని చేతులు, మురుగునీటితో పండించిన కూరగాయలు చాలు. కాబట్టి ఎవరేం తిన్నారని ఆరా తీయకు. వంట ఎవరు చేస్తారు, ఎవరి మలంలోనైనా తెల్లటి ముక్కలు కనబడ్డాయా అని అడుగు. ఒక్కసారి మలపరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకు. పురుగు ఉన్నట్టు తేలితే నిక్లోసమైడ్ మంచిది. ఆ మందు పేగుల్లోనే ఉండిపోతుంది. ప్రాజిక్వాంటెల్ అనే ఇంకో పురుగుల మందు రక్తంలోకి వెళుతుంది కనుక తెలియకుండా మెదడులో తిత్తులున్నవాళ్లలో ఫిట్స్ రేపగలదు.

ఇక అసలు కష్టమంతా ఫిట్స్ మాత్రల దగ్గరే. రెండు నెలలు బాగుంటే మానేస్తారు, నాట్ల రోజుల్లో మరిచిపోతారు. "వేసుకుంటున్నావా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు. వచ్చిన ప్రతిసారీ మాత్రల అట్ట తెప్పించి, మిగిలినవి నువ్వే లెక్కపెట్టు. కంపెనీ మారి మాత్ర రంగు మారితే వేరే మందనుకుని పక్కన పెట్టేస్తారు, ముందే చెప్పు. ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మాత్రతో చిగుళ్లు ఉబ్బితే ఆడపిల్లలు ఎవరికీ చెప్పకుండా ఆపేస్తారు; నోరు తెరిపించి చూడు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు రాయకు. మచ్చ పోయిందని మళ్లీ స్కాన్‌లో తేలి, ఆరు నెలలుగా ఫిట్స్ లేకపోతే మెల్లగా తగ్గించే ఆలోచన చేయొచ్చు. సున్నపు మచ్చ మిగిలితే ఇంకా ఎక్కువ కాలం వాడాలి.

చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఇంకా ఉన్నాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఆశా కార్యకర్తలతో చేయించి చూపించు, చెబితే గుర్తుండదు. పెళ్లి మాట వస్తే మూర్ఛ కారణంగా వివాహం చెల్లదనే నిబంధనను 1999లోనే చట్టం నుంచి తీసేశారని చెప్పు. సంబంధాలు చూసేవాళ్లు చట్టం చదవరు, అది వేరే సంగతి.

మండలంలోని పశువైద్యుడిని ఒకసారి కలువు. పందులకు ఈ పురుగు సోకకుండా టీకా ఉంది, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునాలజికల్స్ తయారుచేస్తుంది. దానికి తోడు ఆక్స్‌ఫెండజోల్ అనే పురుగుల మందు వేస్తే ముందే సోకిన పందుల కండల్లోని తిత్తులు కూడా పోతాయి. పందులు పెంచేవాళ్ల దగ్గరికి మాత్రం తప్పు పట్టడానికి వచ్చినట్టు వెళ్లకండి. మనుషుల మలం తినడం వల్లే పందికి ఆ తిత్తులు వచ్చాయి. ఆ వాడలో మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకున్నాకే మాట మొదలుపెట్టండి.