‘ఇట్’ని మధ్యలో కూర్చోబెట్టు

చి. అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివాను. ‘పిక్ అప్ ద పెన్’ అన్నా ఒప్పే, ‘పిక్ ద పెన్ అప్’ అన్నా ఒప్పే అంటారు, మరి ‘పిక్ అప్ ఇట్’ అంటే మాత్రం తప్పెందుకయిందని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే. నేను పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో ఈ మాట అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లు తప్పో ఒప్పో అనేసి ముందుకెళ్లిపోయేవాళ్లు.

నేనూ అలా వెళ్లిపోయినవాణ్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారి దగ్గర ఒక పుస్తకం అడిగి తీసుకున్నాను. తీసుకుని, ‘ఐ విల్ గివ్ బ్యాక్ ఇట్ టుమారో’ అన్నాను, మహా ధీమాగా. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, ‘గుడ్. యూ విల్ గివ్ ఇట్ బ్యాక్ టుమారో’ అన్నారు. ‘బ్యాక్’ని కాస్త నొక్కి పలికారు. సరేనన్నారు కదా అనుకుని బయటికొచ్చాను. మెట్లు సగం దిగాక గానీ తట్టలేదు, ఆయన సరే అనలేదు, దిద్దారు అని.

అసలు సంగతి ఏమిటంటే, ‘ఇట్’ బరువు లేని మాట. దేని గురించి మాట్లాడుకుంటున్నామో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఊరికే ఆనవాలుగా పెట్టే మాట. ఇంగ్లీషు వాక్యంలో చివరి చోటు బరువున్నవాటికి, కొత్త కబురు మోసుకొచ్చేవాటికి. ‘ద పెన్’ ఓ మోస్తరు బరువుది, అందుకే అటూ ఇటూ ఎటైనా కూర్చుంటుంది. అదే ‘నిన్న నువ్వు కింద పడేసుకున్న ఆ ఎర్ర పెన్ను’ అంత పొడుగు మాట వచ్చిందనుకో, దాన్ని ‘పిక్’కీ ‘అప్’కీ మధ్య ఇరికిస్తే ‘అప్’ వచ్చేసరికి వినేవాడికి ఓపిక అయిపోతుంది. పొడుగుది చివరికి పోతుంది, ‘ఇట్’ ‘హిమ్’ ‘దెమ్’ లాంటి పొట్టివి మధ్యలో ఒదుగుతాయి. పిక్ ఇట్ అప్, కాల్ హిమ్ బ్యాక్, త్రో దెమ్ అవే.

మనకు ఇది తడబాటు ఎందుకంటే, తెలుగులో ఆ ‘ఇట్’ మనం పలకనే పలకం. చేతిలో చెత్త చూపించి ‘పారెయ్’ అంటే చాలు. ‘దాన్ని పారెయ్’ అని విడమరిస్తే కోపంగా ఉన్నామనుకుంటారు! ఇంగ్లీషులో ‘త్రో అవే’ అని ఊరుకుంటే వాక్యం కుంటుతుంది. కాబట్టి మనం ముందు ‘త్రో అవే’ అనేసి, ఏదో తక్కువైందే అని గుర్తొచ్చి, ‘ఇట్’ని తోకలా తగిలిస్తాం. అదీ తప్పు పుట్టే చోటు.

ఇంకో మాట. ఆ ‘అప్’, ‘ఆఫ్’, ‘అవే’ అన్నీ దిక్కులు చెప్పే మాటలే అని భయపడకు. ‘తిను’కీ ‘తినెయ్’కీ తేడా నీకు ఎవరూ నేర్పలేదు కదా? ‘ఈట్ ఇట్’, ‘ఈట్ ఇట్ అప్’ మధ్య ఉన్న తేడా అలాంటిదే. పళ్లెంలో ఏమీ మిగల్చకుండా అని. తుడిచెయ్, ఇచ్చెయ్, ఆపెయ్... మన ‘ఎయ్’ ఒక్కటే చేసే పనిని వాళ్లు నాలుగైదు మాటలకు పంచిపెట్టారు, అంతే. ‘వైప్ ఇట్ ఆఫ్’, ‘గివ్ ఇట్ బ్యాక్’. ఆ తోకలు ఎక్కడ ఏ అర్థం తెస్తాయో చెప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు. శామ్యూల్ జాన్సన్ అనే ఇంగ్లీషు పండితుడు 1755లో వెలువరించిన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, పరాయివాళ్లను అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టేది ఇదేనని ఒప్పుకున్నాడు. అంతటివాడే అన్నాక మనం సిగ్గుపడేదేముంది.

ఇప్పుడు అసలు చిక్కు. ‘లుక్ ఇట్ ఫర్’ అనకూడదు, ‘లుక్ ఫర్ ఇట్’ అనాలి. మరి ఇక్కడ ‘ఇట్’ చివరికెందుకు పోయింది? ఇది తేల్చుకోవడానికి నేను తెలుగు వ్యాకరణమే వాడుకుంటాను. ‘ఫర్’ ఇక్కడ మన ‘కోసం’ లాంటిది, విభక్తి. ‘దానికోసం వెతుకు’ అన్నప్పుడు ‘కోసం’ క్రియ వెంట పోదు, ‘దాని’నే అంటిపెట్టుకుంటుంది. ఇంగ్లీషు ‘ఫర్’ కూడా ‘ఇట్’ చెయ్యి వదలదు, కాకపోతే మనకు వెనక వచ్చేది వాళ్లకు ముందొస్తుంది. ‘లుక్ ఎట్ ఇట్’, ‘వెయిట్ ఫర్ మీ’, ‘లిజన్ టు హిమ్’ అన్నీ ఈ కోవే. ‘పుట్ అప్ విత్ ఇట్’ అని మూడు ముక్కలది చూసి కంగారుపడకు, చివరి ‘విత్’ విభక్తి కాబట్టి ‘ఇట్’ దాని పక్కనే ఉంటుంది.

చెవికి కూడా ఓ గుర్తుంది. ‘టర్న్ ఇట్ ఆఫ్’ అన్నప్పుడు గొంతు ‘ఆఫ్’ మీద ఊనుతుంది. ‘లుక్ ఎట్ ఇట్’లో ‘లుక్’ మీదే ఊని, ‘ఎట్’ని మింగేస్తారు. ‘ఎట్’, ‘ఫర్’, ‘టు’ లాంటి పొట్టివాటికి ఈ గుర్తు బాగా పనిచేస్తుంది. ‘ఆఫ్టర్’ లాంటి పొడుగు మాటల దగ్గర దీన్ని నమ్ముకోకు.

చోటు మారితే అర్థమే మారిపోయే జంటలు కొన్ని ఉన్నాయి, అవంటే నాకు చెప్పలేనంత ఇష్టం. ‘సీ త్రూ ఇట్’ అంటే అందులోని మోసం కనిపెట్టడం. ‘సీ ఇట్ త్రూ’ అంటే మొదలుపెట్టిన పనిని చివరిదాకా నిలబడి పూర్తిచేయడం. మూడే మాటలు, రెండు అర్థాలు. ‘గెట్ ఓవర్ ఇట్’ అంటే దాన్నుంచి తేరుకో అని. ‘గెట్ ఇట్ ఓవర్ విత్’ అంటే ఆ పనేదో కానిచ్చెయ్ అని.

దిక్కుల దగ్గర మన ‘కి’ మనల్ని ముంచుతుంది. ఇంటికి, ఇక్కడికి, అక్కడికి అని అలవాటు కాబట్టి ‘గో టు హోమ్’, ‘కమ్ టు హియర్’ అని వచ్చేస్తుంది. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ వాటి ‘కి’ని కడుపులోనే పెట్టుకుని ఉంటాయి. టేక్ మీ హోమ్, బ్రింగ్ హిమ్ హియర్, అంతే. ‘రిటర్న్ బ్యాక్’ కూడా అలాంటిదే, ‘రిటర్న్’లోనే తిరిగి అన్న అర్థం ఉంది. ‘ఆఫ్ చెయ్’ని పట్టుకుని ‘ఆఫ్ ద లైట్’ అనడం నీకు లేదనుకో, ఉంటే మానెయ్. అక్కడ ‘టర్న్’ కావాలి.

ఇంతకీ నువ్వు చేయాల్సింది. నోట్‌బుక్కులో ‘పిక్ అప్: ఎత్తు’ అని రాసుకోవడం మానెయ్. ‘పిక్ ఇట్ అప్’ అనే రాసుకో. ‘లుక్ ఆఫ్టర్’ అని కాదు, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’. ‘ఇట్’ని దాని చోటులో కూర్చోబెట్టిగానీ ఏ క్రియనూ లోపలికి రానివ్వకు. తర్వాత పైకి చదువు. విడివిడిగా కాదు, సంధి కలిపి: పికిటప్, టేకిటాఫ్, పుటిటాన్. ‘కాల్ హిమ్ అప్’ని చాలామంది ‘కాలిమప్’ అనేస్తారు, ‘హ’ ఎగిరిపోతుంది. మనం ‘వచ్చాడు, అతడు’ని ‘వచ్చాడతడు’ అనేయమూ? అలవాటైన నాలుకే, దానికి కాస్త పని చెప్పు. సంధి కలిపి పలికిన మాటను చెవి ఒకే ముక్కగా దాచుకుంటుంది, ‘పికప్పిట్’ అన్న రోజు అదే ఉలిక్కిపడుతుంది.

ఓ పదిహేను క్రియలు ఇలా రాసి పంపు, దిద్దుతాను.

ఇట్లు,
పెద్దనాన్న

తా.క.: నా నోట్సు గురించి ‘ఐ విల్ సెండ్ బ్యాక్ దెమ్ సూన్’ అని రాశావు. ‘దెమ్’ని ఒక్కడుగు ముందుకు జరుపు. నోట్సు మాత్రం తిరిగి పంపొద్దు, నీ దగ్గరే ఉంచుకో.