మెరుపు తెలుపు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రశ్న: పిగ్మెంట్ ఇంకుతో వేసిన ఫొటోను కిటికీకి ఎదురుగోడ మీద తగిలించాం. రెండేళ్లకు బొమ్మ రంగులు బాగానే ఉన్నాయి గానీ తెల్ల అంచు పసుపు తిరిగింది. ఫ్రేములో ఫొటో చుట్టూ పెట్టిన అట్ట (మౌంట్) కింద దాగిన భాగం మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. లోపం ఇంకుదా, కాగితానిదా?

జవాబు: మార్పు వచ్చింది ఇంకు పడని చోట. పైగా వెలుతురు తగలని అంచు తెల్లగా మిగిలింది. కాబట్టి తెల్లగా మెరవడానికి కాగితంలో కలిపే ఆప్టికల్ బ్రైటెనర్‌నే అనుమానించాలి. స్టిల్‌బీన్ జాతికి చెందిన ఈ రసాయనాలు కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాలను పీల్చుకుని, 440 నానోమీటర్ల దరిదాపుల్లో నీలి వెలుగుగా వదులుతాయి. కాగితపు గుజ్జుకు సహజంగా ఉండే పసుపు ఛాయ ఆ నీలంలో కలిసిపోతుంది. బట్టలకు పెట్టే నీలిమందు కొంత కాంతిని మింగి పసుపును కప్పుతుంది. బ్రైటెనర్ కాంతిని పెంచి కప్పుతుంది. అందుకే అలాంటి కాగితాల తెలుపు సూచిక (ఎంత తెల్లగా ఉందో చెప్పే అంకె) 100 దాటుతుంది.

వెలుతురు తగిలేకొద్దీ ఆ అణువులు చెడిపోతాయి, నీలం తగ్గుతుంది. మీకిప్పుడు కనిపిస్తున్న పసుపులో చాలా వరకు మొదట్నుంచీ అడుగున ఉన్నదే. పోయిన తెలుపు తిరిగి రాదు. ముదురు రంగులున్న చోట ఈ తేడా తెలియదు. మబ్బులు, తెల్ల బట్టలు, నలుపు-తెలుపు ఫొటోల్లోని లేత బూడిద రంగులు ముందు బయటపెడతాయి. కాగితం ప్యాకెట్ మీద ఆమ్లరహితం అని రాసి ఉన్నంత మాత్రాన బ్రైటెనర్ లేదని అనుకోకండి. అది వేరు, ఇది వేరు.

ప్రశ్న: కొనేముందు బ్రైటెనర్ ఎంత ఉందో తెలుసుకోవడం ఎలా?

జవాబు: 365 నానోమీటర్ల యూవీ టార్చ్ చాలు. చీకటి గదిలో నమూనా కాగితం మీద వేయండి. కళ్లలోకి మాత్రం పడనివ్వకండి. బ్రైటెనర్ దండిగా ఉంటే నీలంగా వెలిగిపోతుంది, లేకపోతే మసకగా ఉండిపోతుంది. ఇంకు పట్టే పూత (కోటింగ్) ఉన్న ముందువైపు, అసలు కాగితం (బేస్) కనిపించే వెనకవైపు రెండూ చూడండి, ఎందుకంటే రెండింట్లో ఒకేలా ఉండాలని లేదు.

రంగును కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్ ఉంటే ఒకే చోట ఎం1 (యూవీతో), ఎం2 (యూవీ లేకుండా) కొలతలు తీసి బి-స్టార్ విలువలు (మైనస్ అయితే నీలం వైపు, ప్లస్ అయితే పసుపు వైపు) పోల్చండి. రెండూ దాదాపు ఒకటైతే బ్రైటెనర్ లేనట్టే. ఎం1లో -7, ఎం2లో +1 అని వస్తే తెలుపు చాలా వరకు బ్రైటెనర్ పుణ్యమే! ఎం2 విలువ చూసి కాగితం ఎంచుకోవడం మంచిది. బ్రైటెనర్ అంతా పోయాక మిగిలే రంగు సుమారుగా అదే.

మీటర్ లేనివాళ్లు ఒక పట్టీ కత్తిరించి, సగానికి అల్యూమినియం రేకు చుట్టి, ఎండ పడే కిటికీలో ఉంచాలి. వారానికోసారి రేకు తీసి, పగటి వెలుతురులోనే రెండు సగాలనూ పోల్చాలి. బల్బు కింద చూస్తే మోసపోతారు.

ప్రశ్న: యూవీని ఆపే అద్దం వేస్తే సరిపోతుందా?

జవాబు: క్షీణత నెమ్మదిస్తుంది, ఆగదు. అయితే అద్దం బిగించిన క్షణమే కాగితం తెలుపు కాస్త మసకబారుతుంది, బ్రైటెనర్‌కు కావలసిన యూవీయే అందదు కదా. మామూలు తెల్ల ఎల్ఈడీ దీపాల్లోనూ యూవీ దాదాపు ఉండదు కాబట్టి అక్కడా అంతే. చివరి ప్రింటు తీసేముందు పరీక్ష ప్రింటును అదే అద్దం వెనక, అదే దీపం కింద చూసుకోండి.

ప్రశ్న: ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచిన ప్రింట్లకూ అంచుల్లో పసుపు వచ్చింది. వెలుతురే తగలలేదే?

జవాబు: ఇది వేరే జబ్బు. కొన్ని ప్లాస్టిక్కుల్లో, జిగురు టేపుల్లో కలిపే బీహెచ్‌టీ లాంటి యాంటీ ఆక్సిడెంట్లను సూక్ష్మరంధ్రాల కోటింగ్ పీల్చుకుంటుంది. గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి అవి పసుపెక్కుతాయి. ఈ మరక చాలాసార్లు వెలుతురులో ఉంచితే తగ్గుతుంది. ఇకమీదట పాలిఎస్టర్ కవర్లు వాడండి, అంచులకు టేపు అంటించకండి. ప్రింటును కవర్లో పెట్టేముందు కనీసం ఒక రోజు ఆరనివ్వండి.