ఆ కుర్రాడికి అవన్నీ తెలియవు

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. నిదానంగా చదివాను, పక్కన పెట్టి మళ్లీ చదివాను. 1982లో ఒక పదేళ్ల కుర్రాడు, ఇంటికి మొదటిసారి వీడియో గేమ్ రావడం, దానికోసం వాడు నెలల తరబడి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడటం, తీరా వచ్చాక ఉసూరుమనడం. నువ్వు పుట్టకముందు సంగతి. అయినా ధైర్యంగా తలకెత్తుకున్నావు. మొదటి పేజీ నాకు బాగా నచ్చింది. నాణెం వేస్తే ఆడనిచ్చే పెద్ద ఆట యంత్రాలుండే ఆర్కేడ్‌లో, పెద్దవాళ్ల మోచేతుల సందుల్లోంచి తల దూర్చి, దయ్యాల్ని తప్పించుకుంటూ చుక్కల్ని మింగే ప్యాక్-మ్యాన్ ఆట చూస్తూ, జేబులో నాణెం లేకపోయినా గాల్లోనే వేళ్లు తిప్పుతూ, ఏ మలుపు దగ్గర ఎటు తిరగాలో కంఠతా పట్టేసిన ఆ కుర్రాడు నిజంగా ఉన్నాడు. వాణ్ని చూడగానే పోల్చుకున్నాను.

మూడో పేజీలో వాడు మాయమైపోయాడు.

కార్ట్రిడ్జ్, అంటే ఆట ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా, పెట్టి స్విచ్ వేయగానే నీ కుర్రాడు పగలబడి నవ్వుతాడు. “ఇదా ప్యాక్-మ్యాన్!” అని వెటకారం చేస్తాడు. దయ్యాలు వెలిగి ఆరిపోతున్నాయని జోకు వేస్తాడు. ఆ మాటలు వాడివి కావు తమ్ముడూ. ఇవాళ పాత ఆటల్ని బయటికి తీసి, ఆడి చూపిస్తూ, ఎగతాళి చేసే పెద్దవాళ్లవి. ఆ వీడియోలు నువ్వు చాలానే చూసినట్టున్నావు. చూడు, దాంట్లో తప్పేం లేదు. కానీ వాళ్లకి ఆ తర్వాత వచ్చిన ఆటలన్నీ తెలుసు. అవన్నీ తెలిసిన కళ్లతో చూసి నవ్వుతున్నారు. నీ కుర్రాడికి అవేవీ తెలియవు. ఆ సాయంత్రం, ఆ గదిలో, ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వు ఏళ్లు గడిచాక వచ్చింది. నీకు తెలిసినదంతా వాడి నోట్లో పెట్టేసరికి, వాడు పడాల్సిన బాధ పడకుండా తప్పించుకున్నాడు. కథకి ప్రాణం అక్కడే పోయింది.

వాడి ఉత్సాహం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు నీకు బాగా తెలియాలి. అప్పటిదాకా టీవీ అంటే అది చూపించింది మనం చూడాల్సిన వస్తువు. 1972లో రాల్ఫ్ బేర్ ఆలోచనతో మాగ్నవాక్స్ ఒడిస్సీ అనే యంత్రం అమ్మకానికి వచ్చినప్పుడు, మొదటిసారి ఇంట్లో కూర్చున్న మనిషి చెయ్యి కదిపితే టీవీ స్క్రీన్ మీద ఒక తెల్లటి చుక్క కదిలింది. ఆ యంత్రానికి శబ్దం లేదు, స్కోరు లెక్కపెట్టడం రాదు. బొమ్మలు గీసిన పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు ఇచ్చేవాళ్లు. వాటిని టీవీ అద్దానికి అంటించుకుని, వెనక మెరిసే చుక్కని ఒక ఆటలో బంతి అనుకోవాలి, ఇంకో ఆటలో ఇంకేదో అనుకోవాలి. పాచికలు, కార్డులు, ఆట డబ్బులు కూడా డబ్బాలోనే ఉండేవి. ఇంటి వీడియో గేమ్ పుట్టడమే సగం యంత్రం, సగం ఊహగా పుట్టింది. ఊహించే పని ఎప్పుడూ ఆడేవాళ్లదే.

అందుకే, బొమ్మలు సరిగా లేవు కాబట్టి పిల్లలు నిరాశపడ్డారు అనే మాట నేను ఒప్పుకోను. నీ కథ మొత్తం ఆ నమ్మకం మీద నిలబడి ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. 1980లో అటారి కంపెనీ ఇంటి యంత్రానికి, నీ కుర్రాడి ఇంటికొచ్చిన ఆ యంత్రానికే, అడ్వెంచర్ అనే ఆట వచ్చింది. అందులో కథానాయకుడు ఒక చిన్న చదరం. కాళ్లు లేవు, ముఖం లేదు. డ్రాగన్లు అచ్చం బాతుల్లా ఉంటాయి. అయినా ఆ చదరాన్ని డ్రాగన్ మింగేస్తే పిల్లల గుండె గుభేల్‌మనేది. ఆ ఆట రాసిన వారెన్ రాబినెట్, కంపెనీ ప్రోగ్రామర్ల పేర్లు ఎక్కడా వేయడం లేదని, తన పేరుని ఆటలోనే ఒక రహస్యపు గదిలో దాచాడు. కంటికి కనిపించీ కనిపించని ఒక్క చుక్కని పట్టుకుని తిరిగితేగానీ ఆ గది దొరకదు. పిల్లలు దాన్ని కనిపెట్టారు! అంత శ్రద్ధగా ఒక చదరంతో తిరిగిన పిల్లలకి బొమ్మల నాణ్యత ఒక లెక్కా?

మరి ప్యాక్-మ్యాన్ దగ్గర ఏమైంది? అడ్వెంచర్‌లో చదరాన్ని పోల్చి చూడటానికి పిల్లాడి దగ్గర ఇంకేమీ లేదు. ప్యాక్-మ్యాన్ వాడికి ముందే తెలుసు. 1980లో వచ్చిన ఆర్కేడ్ ఆటని వాడు కళ్లతో మింగేశాడు. నల్లటి తెర, చుక్కలు, నాలుగు రంగుల నాలుగు దయ్యాలు, మధ్యలో చెర్రీ పండు. అది ఇంటికొస్తుందని మాటిచ్చారు. వచ్చింది వేరేది. వెనక నీలం రంగు, చుక్కల బదులు అడ్డగీతలు, పండు బదులు ఒక దీర్ఘచతురస్రం, ఏది ఏ దయ్యమో చెప్పడం కష్టం.

ఇక్కడ నువ్వు ఒక పెద్ద అవకాశం వదిలేశావు. ఆర్కేడ్ ప్యాక్-మ్యాన్‌లో కుడి ఎడమ పక్కల ఒక సొరంగం ఉంటుంది. దయ్యం తరుముతుంటే ఎడమ పక్క నుంచి దూరి కుడి పక్కన తేలొచ్చు. నీ కుర్రాడు గాల్లో వేళ్లు తిప్పుతూ నేర్చుకున్నది ఆ దారే కదా, మొదటి పేజీలో నువ్వే రాశావు. ఇంటి ఆటలో ఆ దారి పక్కల్లో లేదు. పైనా కిందా పెట్టారు. కాబట్టి వాడు జాయ్‌స్టిక్‌ని ఎడమకి నొక్కి పట్టుకుంటాడు. వెనక దయ్యం వస్తోంది. వాడికి కంగారు లేదు, దారి తెలుసు కాబట్టి. గోడ తగులుతుంది. ఇంకా గట్టిగా నొక్కుతాడు. జాయ్‌స్టిక్ సరిగా పనిచేయడం లేదేమో అనుకుంటాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఎడమకే వెళ్తాడు. పైకి తిప్పితే ప్యాక్-మ్యాన్ పైకి పోతాడుగానీ నోరు మాత్రం పక్కకే ఉంటుంది. వాడు ముందుకు వంగి చూస్తాడు. ఈ సీన్ రాయి. నిరాశ అనే మాట ఎక్కడా వాడనవసరం లేదు. పిల్లాడు ముందు తన చేతుల్ని అనుమానిస్తాడు, తర్వాత వైరుని, తర్వాత టీవీని. ఆటని అనుమానించడం అన్నిటికన్నా చివర. ఆ ఆలస్యమే నీ కథ.

ఇక దయ్యాలు ఎందుకు మిణుకుమంటాయో నువ్వు కనుక్కున్నావా? కథలో పెట్టమని అనడం లేదు, పెట్టకూడదు కూడా. నీకు తెలిసి ఉండాలి. 1977లో వచ్చిన ఆ అటారి యంత్రంలో పని చేసుకునే మెమరీ 128 బైట్లు. ఈ ఉత్తరంలో ఇప్పుడు నువ్వు చదువుతున్న ఒక్క పేరా కూడా అందులో పట్టదు. మొత్తం స్క్రీన్‌ని గుర్తుపెట్టుకునే చోటే లేదు. టీవీలో కిరణం ఒక్కో గీత గీసుకుంటూ కిందికి దిగుతుంటే, ప్రోగ్రామ్ దాంతోపాటే పరిగెత్తుతూ ఆ గీతలో ఏం కనిపించాలో అప్పటికప్పుడు చెప్పాలి. ఒక్కో గీతకి ప్రాసెసర్‌కి దొరికేది 76 సైకిళ్లు, అంటే 76 చిన్న అడుగులంత సమయం. ఆ యంత్రం తయారుచేసినప్పుడు మనసులో ఉన్నది ఇద్దరు ఎదురెదురుగా ఆడే ఆటలు. అందుకే కదిలే బొమ్మలు రెండు, తూటాలు రెండు, బంతి ఒకటి ఇచ్చారు. అలాంటిదాని మీద టాడ్ ఫ్రై అనే ప్రోగ్రామర్, 4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో, ప్యాక్-మ్యాన్‌నీ నాలుగు దయ్యాలనీ తిప్పాలి. ఒక బొమ్మ ప్యాక్-మ్యాన్‌కి పోతే మిగిలింది ఒక్కటి. దాన్నే నాలుగు దయ్యాలకీ వంతులవారీగా వాడాడు. టీవీ బొమ్మ మారిన నాలుగుసార్లలో ఒక్కో దయ్యం ఒక్కసారి మాత్రమే కనిపిస్తుంది. అదే ఆ మిణుకు.

ఇది తెలిసినవాడు ఆ మనిషిని వెక్కిరించలేడు. నీ కథలో ‘డబ్బుకి కక్కుర్తిపడి చెత్త తయారుచేసినవాళ్లు’ అన్న వాక్యం ఉంది. కొట్టెయ్. కంపెనీలు తొందరపడ్డ మాట నిజం. ఆర్కేడ్ పేరు చూసి జనం ఎలాగూ కొంటారన్న ధీమా ఉన్న మాటా నిజమే. కొన్నారు కూడా, లక్షల్లో. కానీ ఆ తొందర అంతా చివరికి ఎవరో ఒక మనిషి బల్ల మీదకి వచ్చి పడుతుంది. 1982 చివర వచ్చిన ఇ.టి. అనే సినిమా ఆటకి హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్‌కి దొరికింది సుమారు ఐదు వారాలు. పిల్లాడు ఎదురుచూసిన రోజులు, ప్రోగ్రామర్‌కి చాలని రోజులు, రెండూ నీకు ఒకేసారి కనిపించాలి. అప్పుడు నీ వాక్యంలో కోపం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది.

నీ ముగింపులోని ఆ ఎడారి కూడా తీసెయ్. అమెరికాలోని న్యూమెక్సికోలో అలమొగోర్డో దగ్గర 1983లో అటారి కార్ట్రిడ్జ్‌లు పాతిపెట్టడం, 2014లో తవ్వి తీయడం, అవన్నీ జరిగినవే. దాంతో కథ ముగిస్తే గొప్పగా ఉంటుందని నీకు అనిపించి ఉంటుంది. ఈ విషయం మీద రాసే ప్రతివాళ్లూ అక్కడికే పోయి ఆగుతారు. నీ కుర్రాడి కార్ట్రిడ్జ్ ఎవరూ పాతిపెట్టలేదు. వాడి ఇంట్లోనే ఉంది. మర్నాడు కూడా వాడు దాన్నే ఆడాలి, వేరేది లేదు మరి.

ఇప్పుడు అసలు సంగతి. నీ కథలో తండ్రి డబ్బా పట్టుకుని ఇంట్లోకి వస్తాడు, ఆ తర్వాత ఎక్కడా కనిపించడు. ఆయన ఎటు పోయాడు?

నాకు గుర్తున్నది ఒకటి చెబుతాను. మా ఇంటికి ఆట వచ్చిన రోజు నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని టీవీ వెనక దూరారు. యాంటెనా వైరు విప్పి, దాని చోట చిన్న డబ్బాలాంటి స్విచ్ బిగించాలి. “వచ్చిందా?” అని ఆయన వెనక నుంచి అడగడం, “ఇంకా చుక్కలే నాన్నా” అని నేను ముందు నుంచి చెప్పడం. ఛానల్ తిప్పి, ఇంకొంచెం తిప్పి, బుయ్‌మనే మోత సర్దుకున్నాక బొమ్మ నిలబడింది. అట్టపెట్టె మీద మంటలు చిమ్మే అంతరిక్ష నౌక ఉంది, లోపల చెమటలు కక్కుతున్న పైలట్ ఉన్నాడు, ఎవరో చిత్రకారుడు ప్రాణం పెట్టి వేసిన బొమ్మ. స్క్రీన్ మీద ఒక ముక్కోణం ఉంది. నాన్న మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ ముందుకొచ్చి, “ఎలా ఉందిరా?” అన్నారు.

“చాలా బాగుంది నాన్నా” అన్నాను.

ఆయన ఆ ముక్కోణం వైపు కాసేపు చూసి, “అదేంటి?” అని అడిగారు. నేను పెట్టె మీద బొమ్మ చూసి అదేంటో చెప్పడం మొదలుపెట్టాను. నౌక పేరు, పైలట్ ఎవరు, శత్రువులు ఎక్కణ్నుంచి వచ్చారు, అన్నీ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెబుతూ ఆడుతుంటే నాకూ అది కొంచెం కొంచెంగా నౌకలాగే కనిపించసాగింది.

నేను సంతోషంగా లేనని ఆయనకి తెలియకూడదు. ఆ వయసు పిల్లాడికి అంతకన్నా పెద్ద టెన్షన్ ఉండదు. ఇచ్చినవాళ్ల ముఖం చూసి నిరాశని మింగేయడం చాలామంది పిల్లలు మొదటిసారి ఇలాంటి రోజునే నేర్చుకుంటారు. వాడు అబద్ధం ఆడుతున్నాడని నువ్వు రాయొద్దు. మంచి పిల్లాడని మెచ్చుకోనూ వద్దు. ఆయన అడిగింది, వాడు చెప్పింది రాయి, అంతే. తండ్రికి తెలిసిపోయిందా లేదా అన్నది నువ్వు తేల్చకపోయినా పర్వాలేదు, నాకు ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి రెండో పేజీలో తండ్రిని టీవీ వెనక నిలబెట్టు, ఆ వైరు పని ఆయన చేత చేయించు. మూడో పేజీలో నవ్వులన్నీ తీసేసి, ఎడమ పక్క గోడ దగ్గర కుర్రాణ్ని ఆపు. వాడు ఆడుతున్నంతసేపూ తండ్రి గదిలోనే ఉండాలి. స్నేహితుడు వచ్చే సీన్ చిన్నది చెయ్, వాడు వచ్చినప్పుడు నీ కుర్రాడు ఆటని వెనకేసుకు రావాలి. ముగింపు మాత్రం ఇప్పుడే ఆలోచించకు, ఇవి రాశాక అదే తెలుస్తుంది. ఇంకోటి, నాలుగో పేజీలో ఇంటి ఆటలో కూడా చెర్రీ పండు వచ్చిందని రాశావు. అది ఆర్కేడ్‌లో. సరిచేసి, కొత్త ప్రతి నీ చేతిరాతతో ఉన్నా సరే, పంపించు.

ఉంటాను,
నీ అన్నయ్య